హైదరాబాద్ నుంచి రాత్రి ఆకాశాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌తో ఫొటో తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఉద్యోగమో చదువో చేసుకుంటూ, వారాంతాల్లో కెమెరాతో నగరం దాటి వెళ్లి చుక్కలను ఫొటో తీయాలనుకునేవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నింటికి జవాబు రెండు వాక్యాల్లో ముగుస్తుంది. చోటు, దిక్కు, తిథి, ఫోకస్ వంటి వాటి గురించి మాత్రం వివరంగా రాశాను, ఎందుకంటే రాత్రంతా పడిన కష్టం వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే.

లాంగ్ ఎక్స్‌పోజర్ అంటే ఏమిటి? కంటికి కనిపించనిది కెమెరాకు ఎలా కనిపిస్తుంది?

మన కన్ను వెలుతురును దాచుకోలేదు. సెకనులో చిన్న భాగం పాటు అందిన వెలుతురుతో ఒక దృశ్యాన్ని చూసి, వెంటనే మరో దృశ్యానికి సిద్ధపడుతుంది. కెమెరా సెన్సర్ అలా కాదు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ, చూరు కింద పెట్టిన గిన్నెలో చినుకులు చేరినట్టు, దాని మీద పడిన వెలుతురంతా చేరుతూనే ఉంటుంది. పది, పదిహేను, ఇరవై సెకన్ల పాటు షట్టర్‌ను తెరిచి ఉంచడమే లాంగ్ ఎక్స్‌పోజర్.

రంగుల విషయం కూడా ఇందులోనే ఉంది. మసక వెలుతురులో మన కంటిలో పనిచేసే కణాలు రంగును గుర్తించలేవు, కాబట్టి పాలపుంత మనకు బూడిదరంగు మబ్బులా కనిపిస్తుంది. అదే పాలపుంత ఫొటోలో పసుపుగా, అక్కడక్కడ ఎర్రగా కనిపిస్తే అది కెమెరా కల్పించిన రంగు కాదు, మన కన్ను పట్టుకోలేకపోయిన రంగు.

నగరంలో మా మేడ మీద నుంచి పాలపుంతను తీయవచ్చా?

తీయలేరు. ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా, ఎంత సేపు షట్టర్ తెరిచి ఉంచినా ఇదే జవాబు. వీధి దీపాల వెలుతురు గాలిలోని దుమ్ము మీద, తేమ మీద పడి చెదిరి, ఆకాశమంతా ఒక తెరలా పరుచుకుంటుంది. పాలపుంత వెలుతురు ఆ తెర కంటే ఎంతో మసకది. ఎక్స్‌పోజర్ పెంచితే పాలపుంతతో పాటు ఆ తెర కూడా అంతే పెరుగుతుంది, చివరికి ఫొటో అంతా తెల్లబారిపోతుంది.

ఆకాశపు చీకటిని కొలవడానికి జాన్ బోర్టల్ అనే ఖగోళ పరిశీలకుడు 2001లో తొమ్మిది మెట్ల కొలమానం ఒకటి ప్రతిపాదించాడు. ఒకటో మెట్టు స్వచ్ఛమైన చీకటి, తొమ్మిదోది మహానగరం నడిబొడ్డు. హైదరాబాద్‌లో చాలా పేటలు ఎనిమిదో మెట్టులోనో తొమ్మిదో మెట్టులోనో ఉంటాయి. పాలపుంత ఫొటోలో స్పష్టంగా రావాలంటే కనీసం నాలుగో మెట్టు ఆకాశమైనా కావాలి.

పాత రోజుల్లో వీధుల్లో సోడియం దీపాలుండేవి. వాటి వెలుతురు ఎక్కువగా పసుపు, నారింజ రంగులకే పరిమితం కాబట్టి, ఆ రంగులను ఆపే ఫిల్టర్ లెన్స్ ముందు పెడితే కొంత మేలు జరిగేది. ఇప్పటి ఎల్‌ఈడీ దీపాలు అన్ని రంగుల్లోనూ వెలుగుతాయి. అందువల్ల ఆ ఫిల్టర్ల మీద వేలు ఖర్చు పెట్టే ముందు, ఆ డబ్బు పెట్రోలుకు వాడుకుని చీకటి చోటికి వెళ్లి రావడం మేలని నా సలహా.

మేడ మీద చేయదగిన పనులూ ఉన్నాయి. చంద్రుణ్ణి, గ్రహాలు దగ్గరగా చేరిన సందర్భాలను, చంద్రగ్రహణాలను, కృత్తికల వంటి గుంపులను, చుక్కల వలయాలను నగరం నుంచే తీయవచ్చు. నేను నేర్చుకున్నది కూడా నీళ్ల ట్యాంకు పక్కన ట్రైపాడ్ పెట్టుకునే. కెమెరా మీటలన్నీ చీకట్లో చూడకుండా నొక్కడం అలవాటయ్యేదాకా మేడే సరైన బడి.

ఎంత దూరం వెళ్లాలి? ఎటువైపు వెళ్లాలి?

అందరూ మొదటి ప్రశ్నే అడుగుతారు, కానీ రెండోదే ముఖ్యమైనది. పాలపుంతలో అన్నింటికంటే కాంతివంతమైన నడిభాగం వృశ్చిక, ధనుస్సు రాశుల దగ్గర ఉంటుంది. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ నడిభాగం మనకు ఆగ్నేయంలో ఉదయించి, దక్షిణంలో దాదాపు 43 డిగ్రీల ఎత్తుకు చేరి, నైరుతిలో అస్తమిస్తుంది. మనం ఫొటో తీయవలసిన దిక్కు దక్షిణమైనప్పుడు, నగరపు వెలుతురు మన వీపు వెనుక ఉండాలి. అంటే నగరానికి దక్షిణంగా వెళ్లాలి. ఉత్తరాన వంద కిలోమీటర్లు వెళ్లినా, కెమెరాను దక్షిణానికి తిప్పగానే అడుగున హైదరాబాద్ వెలుగే నారింజరంగు దిబ్బలా లేస్తుంది.

నగరానికి పడమరన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో వికారాబాద్ దగ్గరున్న అనంతగిరి కొండలకు చాలామంది వెళతారు, ఎందుకంటే దారి తేలిక, ఒక్క రాత్రిలో వెళ్లి రావచ్చు. అయితే అక్కడ నగరపు వెలుగు తూర్పున పడుతుంది. పాలపుంత ఆగ్నేయంలో లేచే వేళకు ఆ వెలుగు ఫ్రేమ్ ఎడమ అంచులో తగులుతుంది, కాబట్టి నడిభాగం దక్షిణ దిక్కు దాటి నైరుతి వైపు వంగేదాకా ఆగితే మంచి ఫొటో వస్తుంది. ఆగ్నేయంగా సుమారు 150 కిలోమీటర్లు వెళితే నాగార్జునసాగర్ ప్రాంతం, దక్షిణంగా వెళితే దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్లు ఈ పనికి ఎంతో అనువైనవి. నల్లమల అడవి లోపల ఆకాశం ఇంకా నల్లగా ఉంటుంది, కానీ శ్రీశైలం దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు నిషేధం. కాబట్టి అడవి అంచునే ఆగి, అనుమతి ఉన్న చోట బస చేసి తీయాలి. చెక్‌పోస్టు దగ్గర బతిమాలి లోపలికి వెళ్లే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. ఆ నిషేధం రాత్రిపూట రోడ్డు దాటే జంతువుల ప్రాణాల కోసం పెట్టినది.

చోటు దొరికాక ఊరి చివర చెరువుగట్టు మీదనో, బండరాళ్ల మీదనో నిలబడి, ఇరవై నిమిషాలు ఏ దీపమూ చూడకుండా ఉండండి. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి కనీసం అంత సమయం పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర చూసినా ఆ అలవాటు చెడిపోయి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే చుక్కలు తీసేవాళ్లు ఎర్రదీపం వాడతారు.

ఏ నెలల్లో తీయాలి?

పాలపుంత నడిభాగం జూన్, జూలై నెలల్లో రాత్రంతా కనిపిస్తుంది, కానీ అప్పుడే మనకు వానలు. కాబట్టి తెలుగు నేల మీద పాలపుంత కాలం రెండు ముక్కలుగా మిగిలింది. మొదటిది మార్చి నుంచి మే చివరి దాకా. మార్చి నడుమ నడిభాగం రాత్రి ఒంటిగంట దాటాక ఉదయిస్తుంది, కాబట్టి మూడు నుంచి అయిదు గంటల మధ్య ఫొటో తీయాలి. ఏప్రిల్ నడుమ పదకొండు దాటాక, మే నడుమ తొమ్మిది దాటాక ఉదయిస్తుంది. రెండో ముక్క అక్టోబర్. వానలు కడిగిన గాలి తేటగా ఉంటుంది, కానీ చీకటి పడిన ఏడు గంటల నుంచి ఎనిమిదిన్నర దాకా మాత్రమే సమయం దొరుకుతుంది. ఆ తరువాత నడిభాగం నైరుతిలో కిందికి దిగిపోతుంది.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం ఎంతో నిర్మలంగా ఉన్నా ఆ నడిభాగం ఉండదు. ఆ లోటును మృగశిర, ఆర్ద్ర, రోహిణి, కృత్తికలు తీరుస్తాయి. దక్షిణాన అగస్త్య నక్షత్రం కూడా ఆ నెలల్లోనే మన వైపు చక్కగా కనిపిస్తుంది, యూరప్‌లో చాలా దేశాల వారికి ఈ భాగ్యం లేదు.

వెన్నెల లేని రాత్రిని ఎలా ఎంచుకోవాలి?

ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండర్ చాలు. అమావాస్య ఒక్కరోజే పనికొస్తుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. చంద్రోదయం రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది కాబట్టి, మీరు ఏ వేళకు ఫొటో తీస్తారన్న దాన్ని బట్టి తిథి ఎంచుకోవాలి.

మార్చిలో తెల్లవారుజామున తీసేవారికి శుక్లపక్షపు మొదటి సగం పూర్తిగా అందుబాటులో ఉంటుంది. శుద్ధ అష్టమి నాటి చంద్రుడు కూడా అర్ధరాత్రి ప్రాంతానికి అస్తమించేస్తాడు, మీకు మూడింటికి కటిక చీకటి దొరుకుతుంది. దానికి బహుళ త్రయోదశి నుంచి అమావాస్య దాకా ఉన్న రాత్రులు కలుపుకుంటే దాదాపు పది పన్నెండు రాత్రులవుతాయి. అక్టోబర్‌లో సాయంత్రం తీసేవారికి లెక్క తిరగబడుతుంది: బహుళ పంచమి నుంచి అమావాస్య దాకా చంద్రుడు మీ పని ముగిశాకే వస్తాడు. వారాంతపు సెలవు అమావాస్యతో కలవలేదని నెలంతా వదులుకునేవారిని చూసినప్పుడల్లా, ఈ లెక్క తెలిస్తే వారికి ఆ నెలలో మరో రెండు వారాంతాలు దొరికేవి కదా అనిపిస్తుంది.

ఏ కెమెరా, ఏ లెన్స్ కావాలి?

షట్టర్ సమయం, ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం), ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) మూడింటినీ చేత్తో మార్చుకునే వీలుండి, రా ఫైళ్లు (కెమెరా దిద్దని ముడి ఫొటోలు) ఇచ్చే ఏ కెమెరా అయినా పనికొస్తుంది. పదేళ్ల నాటి సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్‌తో గొప్ప ఫొటోలు తీసినవారున్నారు. లెన్స్ విషయంలో మాత్రం ఒక చిన్న లెక్క తెలుసుకోవాలి. చుక్క వెలుతురును పట్టేది లెన్స్ తెరుచుకునే రంధ్రపు వైశాల్యం. 24 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్‌ను ఎఫ్ 2.8 దగ్గర తెరిస్తే రంధ్రం వ్యాసం, 24ను 2.8తో భాగించగా, సుమారు 8.6 మి.మీ. 50 మి.మీ. లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర తెరిస్తే అది దాదాపు 28 మి.మీ. అంటే వైశాల్యంలో పది రెట్లు. కాబట్టి తక్కువ ధరకు దొరికే 50 మి.మీ. లెన్స్‌ను చిన్నచూపు చూడవద్దు. అది చూపే ఆకాశం ఇరుకుగా ఉన్నా, వృశ్చికాన్ని జ్యేష్ఠ నక్షత్రంతో సహా నిండుగా పడుతుంది.

కెమెరా కంటే ముందు కొనవలసింది గట్టి ట్రైపాడ్. గాలికి వణికే ట్రైపాడ్ మీద లక్ష రూపాయల లెన్స్ పెట్టినా ప్రయోజనం లేదు. మధ్య కాండాన్ని పైకి లాగకుండా, దాని కొక్కేనికి కెమెరా సంచి తగిలిస్తే ఎంతో స్థిరంగా ఉంటుంది. లెన్స్‌లో ఇమేజ్ స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే సదుపాయం) ఉంటే ట్రైపాడ్ మీద దాన్ని ఆపేయండి.

షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచాలి?

భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతూ ఉంటుంది. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంటే చుక్క గీతగా మారుతుంది. అందరూ చెప్పే సూత్రం 500: ఆ సంఖ్యను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 24 మి.మీ. లెన్స్‌కు సుమారు 20 సెకన్లు వస్తుంది. మీది ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) అయితే ఫోకల్ లెంగ్త్‌ను ముందుగా 1.5తోనో, 1.6తోనో గుణించాలి. 18 మి.మీ. లెన్స్‌కు అలా 18 సెకన్లు వస్తుంది.

ఈ సూత్రం ఫిలిం రోజులకు సరిపోయినది, ఇప్పటి సెన్సర్లకు వదులైనది. 24 మి.మీ. లెన్స్ వెనుక, ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) దగ్గరి చుక్క ప్రతిబింబం సెన్సర్ మీద సెకనుకు సుమారు 1.75 మైక్రాన్లు జరుగుతుంది. ఇరవై సెకన్లలో 35 మైక్రాన్లు. పిక్సెల్ వెడల్పు 6 మైక్రాన్లున్న కెమెరాలో అది దాదాపు ఆరు పిక్సెళ్ల గీత. ఫోన్ తెర మీద చూస్తే తెలియదు, పెద్ద సైజులో ప్రింట్ వేయిస్తే మాత్రం ప్రతి చుక్కా చిన్న బియ్యపు గింజలా కనిపిస్తుంది. నేను 500కు బదులు 300 వాడతాను. తగ్గిన వెలుతురును ఎక్కువ ఫొటోలు తీసి కలపడం ద్వారా తెచ్చుకోవచ్చు.

ధ్రువ నక్షత్రం వైపు తీసేటప్పుడు చుక్కలు నెమ్మదిగా జరుగుతాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువ సేపు తెరిచినా ఇబ్బంది లేదు.

ఐఎస్‌ఓ ఎంత పెట్టాలి?

చీకటి చోట ఎఫ్ 2.8, 12 నుంచి 15 సెకన్లు, ఐఎస్‌ఓ 3200తో మొదలుపెట్టండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫ్) ఎడమ అంచుకు అతుక్కోకుండా, ఎడమ నుంచి మూడో వంతు దగ్గర నిలబడితే సరిపోతుంది. ఫొటో రంగు ఛాయను నిర్ణయించే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా 4000 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టుకోండి, తరువాత ఫొటోలన్నీ ఒకే తీరుగా ఉంటాయి.

నా ఫొటోల్లో చుక్కలు ఉబ్బిన బుడగల్లా వస్తున్నాయి. ఎందుకు?

ఫోకస్ తప్పింది. చుక్కలను తీసేటప్పుడు జరిగే తప్పుల్లో ఇంతగా బాధపెట్టేది మరొకటి లేదు, ఎందుకంటే కెమెరా వెనుకున్న చిన్న తెర మీద అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూసినప్పుడే తెలుస్తుంది. ఒక ఏప్రిల్ రాత్రి నేను మూడు వందలకు పైగా ఫొటోలు తీశాను. మొదటి పది పదునుగా ఉన్నాయి. పదకొండో ఫొటోకు ముందు, ఫ్రేమ్ సరిచేస్తూ లెన్స్‌ను పట్టుకున్నప్పుడు ఫోకస్ వలయం వెంట్రుకవాసి కదిలింది. ఆ తరువాతివన్నీ పనికిరాకుండా పోయాయి. ఆ రాత్రి పాలపుంత కింద ఉన్న ఎండిన మోదుగ చెట్టును తరువాతి వేసవికి నరికేశారు, ఆ ఫ్రేమ్ మళ్లీ దొరకలేదు.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది. లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, లైవ్ వ్యూ (దృశ్యం నేరుగా కెమెరా తెర మీద కనిపించే సదుపాయం) తెరిచి, ఆకాశంలో అన్నింటికంటే ప్రకాశించే చుక్కను, వేసవిలో స్వాతినో చిత్తనో, తెర నడుమకు తెస్తాను. తెరను పది రెట్లు పెద్దది చేసి, వలయాన్ని చాలా నెమ్మదిగా తిప్పుతాను. చుక్క చిన్నదవుతూ, చిన్నదవుతూ వచ్చి, ఒక దశ దాటాక మళ్లీ పెద్దదవడం మొదలవుతుంది. అన్నింటికంటే చిన్నగా ఉన్న ఆ చోటికి వెనక్కి తిప్పి, వలయం కదలకుండా కాగితపు టేపు అంటిస్తాను. లెన్స్ మీద అనంతం గుర్తు ఉంది కదా అని దాన్ని నమ్మవద్దు, చాలా లెన్సుల్లో అసలైన చోటు ఆ గుర్తుకు కాస్త ఇటో అటో ఉంటుంది. ఫ్రేమ్ మార్చిన ప్రతిసారీ, గంటకొకసారీ ఫొటోను పూర్తిగా పెద్దది చేసి చూసుకోవాలి. రాత్రి గడిచేకొద్దీ లెన్స్ చల్లబడి ఫోకస్ కొద్దిగా జరుగుతుంది.

సెల్‌ఫోన్‌తో తీయవచ్చా?

తీయవచ్చు. కొన్ని ఫోన్లు కదలకుండా ఉన్నాయని గుర్తిస్తే ముప్పై సెకన్ల వరకు, కొన్ని ఎన్నో చిన్న ఎక్స్‌పోజర్లను కలిపి నాలుగు నిమిషాల వరకు వెలుతురు పోగుచేస్తాయి. ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టి, టైమర్‌తో తీయండి. చేత్తో పట్టుకుంటే ఆ సదుపాయం పనిచేయదు.

చుక్కలు వలయాలుగా తిరిగే ఫొటోలు ఎలా తీస్తారు?

ఒకే ఫొటోను రెండు గంటలు తీయరు. ముప్పై సెకన్ల ఫొటోలను విరామం లేకుండా రెండు వందల నలభై తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్రతి బిందువులోనూ ఎక్కువ వెలుతురున్న దాన్ని ఉంచుతారు. స్టార్‌స్టాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. రెండు గంటల్లో ఆకాశం 30 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి గీతలు చక్కని పొడవుతో వస్తాయి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను (మచ్చలను తగ్గించే సదుపాయాన్ని) తప్పకుండా ఆపేయాలి. అది నడుస్తుంటే ప్రతి ఫొటో తరువాత కెమెరా అంతే సమయం ఊరికే ఉండిపోతుంది, గీతలు తెగిపోయి చుక్కల వరసలవుతాయి.

పూర్తి వలయాలు కావాలంటే కెమెరాను ఉత్తరానికి తిప్పాలి. హైదరాబాద్‌లో ధ్రువ నక్షత్రం దిగంతానికి సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు, కాబట్టి దిగంతం నుంచి రెండు పిడికిళ్ల కంటే కాస్త తక్కువ. విదేశీ ఫొటోల్లో ధ్రువుడు నడినెత్తిన ఉన్నట్టు చూసి, ఇక్కడ అంత ఎత్తులో వెతికేవారుంటారు. మన వలయాల కేంద్రం కిందుగా ఉండడం నిజానికి మంచిదే, గుట్ట మీది గుడి గోపురం పక్కనో, కోట బురుజు పక్కనో ఆ కేంద్రాన్ని నిలబెట్టవచ్చు. సప్తర్షి మండలం మాత్రం మనకు పూర్తి వలయం తిరగదు, కొంతసేపు దిగంతం కిందికి దిగిపోతుంది.

నగరంలో కూడా ఇది సాధ్యమే. ఎఫ్ 4, ఐఎస్‌ఓ 200 లేదా 400, పదిహేను సెకన్ల చొప్పున తీస్తే ఆకాశం తెల్లబారకుండా ప్రకాశించే చుక్కల గీతలు వస్తాయి.

వేసవిలో ఫొటోల నిండా రంగు చుక్కల మచ్చలు, చలికాలంలో లెన్స్ మీద మంచు. ఏం చేయాలి?

సెన్సర్ వేడెక్కితే వెలుతురు లేకపోయినా సంకేతం పుడుతుంది. ఉష్ణోగ్రత ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ అది దాదాపు రెట్టింపవుతుంది. జనవరిలో 15 డిగ్రీల రాత్రికీ, మేలో 28 డిగ్రీల రాత్రికీ నడుమ తేడా మూడు నాలుగు రెట్లన్నమాట. కాబట్టి మే నెలలో లైవ్ వ్యూను పని కాగానే ఆపేయండి, తెరను కెమెరా వీపుకు దూరంగా తెరిచి పెట్టండి, కెమెరాను పగలంతా కారు డిక్కీలో ఉంచకండి.

డిసెంబర్, జనవరి నెలల్లో చెరువుగట్ల మీద రాత్రి పదకొండు దాటాక లెన్స్ ముందు గాజు మీద తేమ పడుతుంది. చుక్కల చుట్టూ మెత్తని వెలుగు వలయాలు మొదలైతే దానికి కారణం మంచు తేమే. గుడ్డతో తుడిస్తే నిమిషంలో మళ్లీ పడుతుంది. గాజును చుట్టూ ఉన్న గాలి కంటే కాస్త వెచ్చగా ఉంచడమే మార్గం: పవర్ బ్యాంకుతో పనిచేసే హీటర్ పట్టీని లెన్స్‌కు చుట్టవచ్చు, లేదా వెచ్చదనమిచ్చే చిన్న పొట్లాన్ని ఉన్ని సాక్సులో పెట్టి లెన్స్ చుట్టూ కట్టవచ్చు.

స్టాకింగ్ అంటే ఏమిటి? నిజంగా అంత తేడా వస్తుందా?

ఒకే ఆకాశాన్ని వరసగా తీసిన ఫొటోలను చుక్కలు కలిసేలా సర్ది, సగటు తీయడమే స్టాకింగ్. చుక్క ప్రతి ఫొటోలోనూ అదే చోట ఉంటుంది, నాయిస్ (గరుకు మచ్చలు) మాత్రం ప్రతి ఫొటోలో వేరుగా ఉంటుంది కాబట్టి సగటులో అణగిపోతుంది. ఫొటోల సంఖ్యకు వర్గమూలం ఎంతో, అన్ని రెట్లు నాయిస్ తగ్గుతుంది: నాలుగు ఫొటోలకు రెండు రెట్లు, పదహారుకు నాలుగు రెట్లు. సీక్వేటర్, డీప్‌స్కైస్టాకర్, సిరిల్ ఈ పనికి ఉచితంగా దొరుకుతాయి. నేల కూడా ఫ్రేమ్‌లో ఉంటే సీక్వేటర్ తేలిక, అది ఆకాశాన్ని, నేలను విడివిడిగా చూసుకుంటుంది.

విమానాలు, ఉపగ్రహాల గీతలు ఎలా తప్పించాలి?

నగరానికి దక్షిణాన శంషాబాద్ విమానాశ్రయం ఉంది కాబట్టి మనం తీసే దిక్కులోనే విమానాలు ఎక్కువ. ఉపగ్రహాలు చీకటి పడిన తొలి గంటల్లో, తెల్లవారే ముందు ఎక్కువగా మెరుస్తాయి. స్టాకింగ్‌లో సిగ్మా క్లిప్పింగ్ అనే పద్ధతి ఎంచుకుంటే, ఒక్క ఫొటోలోనే కనిపించే గీతను అది వదిలేస్తుంది. పది ఫొటోలకు తగ్గకుండా ఉండాలి.

ఉల్కలను తీయాలంటే?

మనకు తగినవి డిసెంబర్ 13, 14 రాత్రుల జెమినిడ్‌లు. ఆగస్టులో వచ్చే పెర్సీడ్‌లను మబ్బులు మింగేస్తాయి. వెడల్పు లెన్స్ పెట్టి, విరామం లేకుండా తీస్తూ పోవాలి. అర్ధరాత్రి దాటాక రెండు గంటల ప్రాంతంలో, జెమినిడ్‌లు వెలువడుతున్నట్టు కనిపించే మిథున రాశి నడినెత్తికి చేరువవుతుంది, అదే మంచి సమయం.

ఆకాశాన్ని ఫొటో తీయడంలో హైదరాబాద్‌కు చరిత్ర ఏమైనా ఉందా?

ఉంది, అది మనం గర్వించదగినది. నిజాం కొలువులోని ప్రముఖుడు నవాబ్ జఫర్ జంగ్ 1901లో గ్రబ్ సంస్థ చేసిన 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి హైదరాబాద్‌లోని ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పాడు. అదే నిజామియా వేధశాల. తరువాత బేగంపేటకు మారి, ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆకాశమంతటినీ గాజు పలకల మీద ఫొటో తీసి, చుక్కలన్నింటి స్థానాలు నమోదు చేయాలని 1887లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ పథకం మొదలైంది. ఆకాశాన్ని పట్టీలుగా కోసి దేశదేశాల వేధశాలలకు పంచారు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. కుక్ సంస్థ చేసిన 8 అంగుళాల కెమెరా దూరదర్శినితో ఆ పలకలు తీశారు.

మన అనూరాధ నక్షత్రంలోని పై రెండు చుక్కలు ఆ పట్టీలోనే ఉన్నాయి. ఈసారి పాలపుంతను తీసేటప్పుడు వృశ్చికం తల భాగం వైపు చూడండి. ఒక గాజు పలక మీద చుక్క గీతగా మారకుండా, పక్కనే అమర్చిన మరో దూరదర్శినిలో ఒక చుక్కను తీగల నడుమ నిలబెట్టి, అది జరిగినప్పుడల్లా చేత్తో సరిచేస్తూ, మన ఊళ్లో కూర్చున్నవారు తీసిన ఆకాశం అది. ఇప్పుడు ట్రాకర్ అనే చిన్న యంత్రం ఆ పనే చేస్తుంది.

ఫొటోలను ఎంతవరకు దిద్దవచ్చు?

రా ఫైలును దిద్దకుండా చూపడం సాధ్యం కాదు, కాబట్టి కాంట్రాస్ట్, రంగు, నాయిస్ సరిచేయడంలో తప్పు లేదు. ఒకచోట తీసిన ఆకాశాన్ని మరోచోటి కోట మీద అతికించి, అది ఒకే రాత్రి ఫొటో అని చెప్పడం తప్పు. నీలి వేళలో (సూర్యుడు దిగాక, చీకటి పడే ముందు) నేలను, తరువాత అదే ట్రైపాడ్ నుంచి ఆకాశాన్ని తీసి కలిపితే ఆ మాట కింద రాయండి, చూసేవారు మిమ్మల్ని మరింత నమ్ముతారు.

రాత్రిపూట ఊరి బయట భద్రమేనా?

ఒంటరిగా వెళ్లవద్దు. పగలే వెళ్లి చోటు చూసుకోండి. మోకాలి దాకా బూట్లు వేసుకుని, అడుగు పెట్టే ముందు నేల మీద వెలుతురు వేసి చూడండి, వేసవి రాత్రుల్లో పాములు బండల వేడి కోసం వస్తాయి. అన్నింటికంటే ముందు ఆ ఊరివారికి చెప్పండి. పొలం వారిది, మనం అతిథులం.

ఒకసారి వికారాబాద్ వైపు ఒక చెరువుగట్టు మీద ఉండగా, అర్ధరాత్రి దాటాక టార్చి వెలుగు మా వైపు వచ్చింది. మోటారు వేయడానికి వచ్చిన పెద్దాయన. "ఎవరయ్యా ఆడ?" అని గట్టిగా అడిగారు. "చుక్కల ఫొటోలు తీస్తున్నం తాతా" అని చెప్పి, టార్చి కిందికి దించమని వేడుకుని, కెమెరా తెర చూపించాను. కండువాతో కళ్లు తుడుచుకుని చాలాసేపు చూశారు. "మా చిన్నతనంల గిట్లనే కండ్లకే కనవడుతుండె బిడ్డా" అన్నారు. తెల్లవారేదాకా మోటారు గది బల్బు ఆర్పి ఉంచారు. ఆ ఒక్క బల్బు ఆరాక తీసిన ఫొటోల్లో, గట్టు మీది తాటిచెట్ల నీడలు నీళ్లలో విడివిడిగా కనిపించాయి.

తెల్లవారుజామున ఎప్పుడు ఆపాలి?

సూర్యుడు పైకి వస్తూ దిగంతానికి 18 డిగ్రీల దిగువకు చేరగానే ఆకాశంలో చీకటి విరగడం మొదలవుతుంది. మన దగ్గర అది సూర్యోదయానికి సుమారు గంటా ఇరవై నిమిషాల ముందు. కంటికి ఇంకా చీకటిగానే ఉంటుంది, కానీ ఫొటోల్లో నీలం తేలుతుంది. అప్పుడు పాలపుంత ఫొటోలు ఆపి, వేగుచుక్క ఉన్న నెలలైతే దాన్ని నేలతో కలిపి తీసుకోండి.

కెమెరాను అప్పుడే సంచిలో పెట్టవద్దు. లెన్స్‌కు మూత పెట్టి, అదే ఐఎస్‌ఓ, అదే షట్టర్ సమయంతో ఇరవై ఫొటోలు తీయండి. వాటిలో ఏమీ ఉండదు, సెన్సర్ వేడి మచ్చలు తప్ప. స్టాకింగ్‌లో ఆ మచ్చలను తీసివేయడానికి అవే ఆధారం. ఆ రాత్రి ఉష్ణోగ్రతలోనే తీయాలి కాబట్టి ఇంటికి వచ్చి తీస్తే సరిపోవు. పదిహేను సెకన్ల చొప్పున ఇరవై అంటే అయిదు నిమిషాలు, ట్రైపాడ్ కాళ్ల బురద తుడిచి, ఫ్లాస్కులో మిగిలిన టీ తాగేలోపు అయిపోతుంది.